గీత దాటిన తరువాత

డ్రాగ్ పందెంలో చావు తరచు పొంచి ఉండేది పరుగులో కాదు, పరుగు ముగిసిన చోట

కలకత్తా రేవును ఆనుకొని వాట్‌గంజ్ అనే పేట ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్దపు చివరి పాదంలో ఇక్కడి నది ఒడ్డున ఓడల నిర్మాణశాల నెలకొల్పిన కర్నల్ హెన్రీ వాట్సన్ పేరే కాలక్రమాన అరిగి ఈ రూపు దాల్చినది. సమీపాన గార్డెన్ రీచ్‌లో రైల్వే ప్రధాన కార్యాలయం ఉండడం వలన ఈ ప్రాంతంలో తెలుగు మాట వినబడడం వింతేమీ కాదు. ఆ కార్యాలయంలోనే గుమాస్తాగా చేరి అక్కడే పదవీ విరమణ చేసిన మా పెదనాన్నగారి ఇంట నేను కొన్నాళ్ళు గడిపాను.

ఒక శనివారం రాత్రి ఒంటిగంట వేళ మెలకువ వచ్చి చూస్తే, ఆయన వరండాలో నిలబడి ఉన్నారు. విద్యాసాగర్ సేతువు వైపు నుండి రెండు మోటారుసైకిళ్ళ ధ్వని వినవస్తున్నది. ఆ ధ్వని క్షణక్షణానికి పై స్థాయికి ఎక్కి, హఠాత్తుగా తెగిపోయినది. పెదనాన్నగారి పెదవులు కదులుతున్నవి.

"ఏం చేస్తున్నారు పెదనాన్నగారూ?"

"ఉండు. ఆరు... ఏడు... ఎనిమిది..."

పన్నెండు దగ్గర, దూరాన, నెమ్మదిగా వెనుకకు మళ్ళుతున్న ఇంజన్ల గురగుర వినిపించినది. ఆయన లోపలికి నడిచారు. "ఆగిన తరువాత మళ్ళీ వినబడాలి కదా! వినబడితే ఇద్దరూ ఉన్నట్టే" అన్నారు.

ఈ పెద్దమనిషికి డ్రాగ్ పందేల గురించి ఏమీ తెలియదు. అయినప్పటికీ, ఆ క్రీడను నడిపేవారు అనేక ప్రాణాలు పోగొట్టుకొని నేర్చుకొన్న పాఠం ఆయన చెవికి తెలిసినది. పందెంలో ప్రమాదకరమైన ఘట్టం పరుగు కాదు. ఆగడం.

డ్రాగ్ పందెం చూడడానికి అతి సామాన్యమైనది. రెండు వాహనాలు పక్కపక్కన నిలబడతాయి. దీపం వెలుగుతుంది. ఎవరు ముందు గీత దాటితే వారిది గెలుపు. మలుపులు లేవు, చుట్లు లేవు. దారి పొడవు పావు మైలు, అనగా 402 మీటర్లు. విద్యాసాగర్ సేతువును చూసినవారు ఈ దూరాన్ని సులభంగా ఊహించుకోవచ్చును. నదికి అడ్డంగా, రెండు పెద్ద స్తంభాల నడుమ, తీగలపై వ్రేలాడే భాగం పొడవు 457 మీటర్లు. ఒక స్తంభం దగ్గర బయలుదేరితే రెండవ స్తంభం ఇంకా 55 మీటర్లు ఉన్నదనగా పందెం ముగుస్తుంది.

ఆ తరువాతి లెక్క ఎవరూ వేయరు. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో గీత దాటిన వాహనం సెకనుకు 50 మీటర్లు పోతుంది. బ్రేకు వేయాలని మనస్సుకు తోచి, చేయి కదిలేసరికి ఒక సెకను గడుస్తుంది. అంటే ఆ 55 మీటర్లు దాదాపు అక్కడికే సరి. పొడి రోడ్డు మీద, మంచి బ్రేకులతో, చక్రాలు జారకుండా ఆపగలిగినా మరొక 180 మీటర్లు కావాలి. వేగం రెండింతలైతే ఆపడానికి కావలసిన దూరం నాలుగింతలు అవుతుందనేది పాఠశాలలో చదివిన సూత్రమే. యాక్సిలరేటరు తిప్పే చేతికి ఆ సూత్రం గుర్తుండదు.

అనువాదమే వృత్తి అయిన నాకు ఇక్కడ ఒక చిక్కు ఎదురైనది. గీత దాటిన తరువాత వాహనాన్ని ఆపడానికి విడిచిపెట్టిన దారిని ఇంగ్లీషులో షట్‌డౌన్ ఏరియా అంటారు. తెలుగులో దానికి మాట దొరకలేదు. మనకు పందేలు లేక కాదు. ఒంగోలు గిత్తలు బండ లాగే పందేలు తరతరాలుగా ఉన్నవి. కాని గిత్తలను ఆపడానికి వేరే దారి అక్కరలేదు. వదిలితే అవే ఆగుతాయి. వాట్‌గంజ్‌కు దగ్గరలోనే, హేస్టింగ్స్ వద్ద, 1820లో ఏర్పడిన గుర్రపు పందేల మైదానం ఉన్నది. అక్కడా గుర్రం గెలుపు స్తంభం దాటి గుండ్రని దారిలో ఇంకొంత దూరం పోయి, తనంతట తాను నెమ్మదిస్తుంది. ఆ దారికి చివర అనేది లేదు. ఆపుదల ఒక సమస్య కావడం యంత్రంతోనే మొదలైనది. కనుక ఆ చోటును ఈ వ్యాసంలో 'ఆపుదల దారి' అని పిలుస్తాను. ఇంతకన్న మంచి మాట ఎవరికైనా తోస్తే సంతోషమే.

ఈ ఆపుదల దారి విలువ ప్రపంచానికి తెలిసివచ్చినది 2008 జూన్ 21న, అమెరికాలో.

ఆ శనివారం న్యూజెర్సీ రాష్ట్రంలోని ఇంగ్లిష్‌టౌన్ పందెపు బాటపై అర్హత పరుగులు జరుగుతున్నవి. స్కాట్ కలిట్టా అనే 46 ఏళ్ళ చోదకుడు తన కారులో కూర్చున్నాడు. ఆయన కొత్తవాడు కాడు. తండ్రి కానీ కలిట్టా ఈ క్రీడలో పేరెన్నికగన్న చోదకుడు. స్కాట్ స్వయంగా 1994, 1995 సంవత్సరాలలో వరుసగా రెండుసార్లు అత్యున్నత శ్రేణి ఛాంపియన్ అయినవాడు. ఆనాడు ఆయన నడిపిన 'ఫన్నీ కార్' అనే తరగతి వాహనం పేరుకు హాస్యంగా ఉన్నా, వేల అశ్వశక్తి గల ఇంజను దానిది. పెట్రోలుకు బదులు నైట్రోమీథేన్ అనే ద్రవాన్ని మండిస్తుంది.

గీత సమీపిస్తున్న సమయాన ఇంజను పేలి మంటలు లేచినవి. అప్పటికి వేగం గంటకు సుమారు 480 కిలోమీటర్లు. ఇటువంటి వాహనాలను బ్రేకులు మాత్రమే ఆపలేవు. వెనుక నుండి పారాచూట్లు విచ్చుకొని గాలిని పట్టి లాగాలి. ఆనాడు పారాచూట్లు దెబ్బతిని వేగాన్ని తగ్గించలేకపోయినవి. దారి చివర, అదుపు తప్పిన వాహనాలను పట్టుకోవడానికి ఇసుక పరచి ఉన్నది. ఆ ఇసుక మీదుగా కారు దూసుకుపోయి ఆవలనున్న కట్టడాన్ని ఢీకొన్నది. స్కాట్ కలిట్టా మరణించాడు.

అమెరికాలో ఈ క్రీడను నిర్వహించే నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను 1951లో వాలీ పార్క్స్ స్థాపించాడు. కుర్రవాళ్ళు వీధులలో, ఎండిన సరస్సులలో పందేలు వేసుకొని చచ్చిపోతున్నారు, వారికొక క్రమమైన చోటు చూపాలి అనేది ఆ సంస్థ పుట్టుకలోని ఆశయాలలో ఒకటి. అటువంటి సంస్థకు ఇప్పుడొక ప్రశ్న ఎదురైనది. అర్ధశతాబ్దంలో ఇంజన్ల శక్తి ఎన్నో రెట్లు పెరిగినది. పందెపు బాటలు మాత్రం పాతవే. వాటి చివరల రోడ్లు, ఇళ్ళు, కంచెలు వచ్చినవి. పొడిగిద్దామన్నా స్థలం లేదు. మరి ఏం చేయాలి?

రెండు వారాలు గడవకముందే, జూలై 2న, వారు నిర్ణయం ప్రకటించారు. అతివేగపు రెండు తరగతులకు పందెం దూరాన్ని 1,320 అడుగుల నుండి 1,000 అడుగులకు తగ్గించారు. అంటే సుమారు 97 మీటర్లు పరుగు నుండి కోసి ఆపుదల దారికి కలిపారన్నమాట. పావు మైలు అనేది ఆ క్రీడకు శ్రుతివంటిది. రికార్డులన్నీ ఆ కొలతలోనే ఉన్నవి. అభిమానులలో పలువురు బాధపడ్డారు. నాకు మాత్రం ఈ క్రీడ చరిత్ర మొత్తంలో ఇంతకన్న వివేకవంతమైన పని మరొకటి కనబడలేదు. క్రమంగా ఇసుక మడుగులను, వలలను సవరించారు. ఇంజను పేలిన మరుక్షణం మనిషి ప్రమేయం లేకుండానే ఇంధనాన్ని ఆపి, పారాచూట్లు విప్పే సాధనాలు అమర్చారు. స్పృహ తప్పినవాడు మీట లాగలేడు గదా!

ఈ క్రీడలో భద్రత ఎల్లప్పుడూ ఇటువంటి రక్తపు లెక్కలతోనే వచ్చినది. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ పందెపు బాటపై డాన్ గార్లిట్స్ అనే మహాచోదకుని వాహనంలో గేర్ల పెట్టె బద్దలై, ఆయన కుడిపాదంలో కొంత భాగం తెగిపోయినది. ఆ కాలాన ఇంజను ముందు, మనిషి వెనుక ఉండేవారు. ఏది పేలినా మనిషి మీదికే. గార్లిట్స్ ఆసుపత్రి మంచంపై ఆలోచించి, ఇంజనును వెనుకకు, మనిషిని ముందుకు మార్చి కొత్త వాహనం నిర్మించాడు. మరుసటి ఏడు దానితో గెలిచాడు. కొద్ది సంవత్సరాలలో ఆ తరగతి వాహనాలన్నీ అదే మార్గాన నడిచినవి. 2007 మార్చిలో ఎరిక్ మెడ్లెన్ అనే 33 ఏళ్ళ చోదకుడు ఫ్లోరిడాలో పరీక్షా పరుగు చేస్తుండగా టైరు దెబ్బతిని వాహనం భయంకరంగా అదిరినది. ఆ అదురుకు తల చుట్టూ ఉన్న ఉక్కు పంజరానికే తగిలి, నాలుగు రోజుల తరువాత మరణించాడు. కాపాడవలసిన పంజరమే గాయపరచినది. దానితో పంజరం వెడల్పు, లోపలి మెత్తల మందం పెంచారు.

మన దేశానికి వస్తే, ఇక్కడా అమెరికాలో వలెనే ఈ వేగపు ఆట యుద్ధం విడిచిపోయిన విమానపు బాటలపై పెరిగినది. మద్రాసు నుండి కలకత్తాకు వచ్చే రహదారిపై, మద్రాసుకు కొద్ది దూరంలోనే ఉన్న షోలవరంలో, రెండవ ప్రపంచయుద్ధ కాలపు విమానపు బాట మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు పందేలు నడిపినది. విమానపు బాటకు ఒక సుగుణమున్నది. దిగిన విమానం ఆగేందుకు కావలసిన చోటు లెక్కవేసే దానిని కడతారు. తరువాత ఆ క్లబ్ ఇరుంగాట్టుకోట్టైలో సొంత బాట నిర్మించుకొన్నది. మోటారుసైకిళ్ళ జాతీయ డ్రాగ్ పందేలు కూడా అక్కడ జరిగినవి. సొంత బాట ఉన్నంతమాత్రాన మృత్యువు రాదని కాదు. 2023 జనవరి 8న ఆ బాటపైనే కార్ల పందెంలో 59 ఏళ్ళ అనుభవజ్ఞుడు కె. ఇ. కుమార్ మరణించాడు. అదే సంవత్సరం ఆగస్టు 5న మోటారుసైకిలు పందెంలో పడి బెంగుళూరు బాలుడొకడు ప్రాణాలు విడిచాడు. వానికి 13 ఏళ్ళు. ఆ వయస్సు పిల్లవానిని అటువంటి యంత్రం మీద కూర్చోబెట్టవచ్చునా అన్న ప్రశ్నకు, వైద్యులు, కంచెలు, శిరస్త్రాణాలు ఎన్ని ఉన్నా, నాకు తృప్తికరమైన సమాధానం దొరకలేదు.

కలకత్తాలో కూడా విమానాలు దిగిన రోడ్డు ఒకటి ఉన్నది. వాట్‌గంజ్ నుండి ఉత్తరంగా పోతే మైదానం మధ్య తగిలే రెడ్ రోడ్డు యుద్ధకాలంలో యుద్ధవిమానాలకు బాటగా ఉపయోగపడినది. బాణంలా తిన్ననైన ఆ దారిని చూస్తే వేగాభిలాషికి చేయి ఊరుకోదు. 2016 జనవరి 13న తెల్లవారిన కొంతసేపటికి, గణతంత్ర దినోత్సవ కవాతుకు అభ్యాసం జరుగుతుండగా, ఒక ఖరీదైన కారు పోలీసుల అడ్డుకట్టలను ఛేదించుకొని వచ్చి 21 ఏళ్ళ వైమానికదళ కార్పొరల్‌ను బలిగొన్నది. అది పందెం కాదు. కాని సాధారణమైన రోడ్డు మీద వేగానికి, బాట మీద వేగానికి గల భేదమంతా అక్కడ కనిపిస్తుంది. బాట మీద చోదకుడు తన ప్రాణాన్ని తెలిసి ఒడ్డుతాడు. రోడ్డు మీద ఒడ్డేది ఇతరుల ప్రాణాన్ని. వారిని ఎవరూ అడగరు.

తెలుగునాట ఇటువంటి కథలు కొదువ లేవు. 2011 సెప్టెంబరులో హైదరాబాదు బాహ్యవలయ రహదారి మీద 1,000 సి.సి. మోటారుసైకిలు అదుపు తప్పి, 19 ఏళ్ళ యువకుడు, అతని బంధువైన 16 ఏళ్ళ బాలుడు కన్నుమూశారు. ద్విచక్రవాహనాలకు ఆ రహదారిపై అనుమతే లేదు.

చట్టం లేదనడానికి వీలులేదు. ప్రభుత్వపు వ్రాతపూర్వకమైన అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో వేగపు పందెం వేస్తే 1988 నాటి మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను క్రింద నేరం. మొదట నెల రోజుల ఖైదు, లేదా 500 రూపాయల జరిమానా ఉండేది. 2019 సవరణతో అది మూడు నెలల ఖైదు, 5,000 రూపాయల జరిమానా వరకు పెరిగినది. రెండవసారి పట్టుబడితే ఏడాది ఖైదు, 10,000 రూపాయలు. పందెపు మోటారుసైకిలు వెలతో పోల్చితే ఈ సొమ్ము టైరు ఖర్చుకు సరిపోతుందేమో! శిక్ష పెంచడం మంచిదే. కాని వాలీ పార్క్స్ 1951లో గ్రహించిన రెండవ సగాన్ని మనం ఇంకా గ్రహించలేదు. ఆ కుర్రవాళ్ళకు ఎక్కడికి పొమ్మని చెప్పాలి? కలకత్తా కుర్రవానికి సక్రమమైన బాట కావాలంటే ఎంతో దూరం పోవాలి. సేతువు మాత్రం పది నిముషాల దూరంలో ఉన్నది.

అమెరికాలో 1,000 అడుగుల నిబంధనను మొదట తాత్కాలికమనే చెప్పారు. ఆ రెండు తరగతులకు పావు మైలు మళ్ళీ తిరిగి రాలేదు. తగ్గిన దూరంలోనే వేగం ఇంకా పెరిగి, ఇప్పుడు గంటకు 540 కిలోమీటర్లు దాటినది. ఇంగ్లిష్‌టౌన్ బాటపై డ్రాగ్ పందేలు 2018లో నిలిచిపోయినవి.

నేను వాట్‌గంజ్ విడిచివచ్చే ముందు శనివారం రాత్రి కూడా ఆ ధ్వని వినబడినది. ఈసారి నేనూ వరండాలోకి వెళ్ళాను. ధ్వని పైకి ఎక్కి తెగిపోయినది. పెదనాన్నగారు లెక్కపెట్టడం ప్రారంభించారు. పన్నెండు దాటినది. పదిహేను దాటినది. వీధిలో కుక్క ఒకటి మొరిగి ఊరకున్నది. ఇరవై రెండు దగ్గర ఒక ఇంజను వినిపించినది. ఆయన కదలలేదు. రెండవ దాని కోసం ఇంకా లెక్కపెడుతూనే ఉన్నారు.