ఒంటరి డ్రాగన్‌కు లెక్క కుదరదు

కాగితం మీద ఎర్ర డ్రాగన్ భయంకరమైనదే. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటకు 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ ప్రకారం ఎదిగిన ఎర్ర డ్రాగన్‌కు 256 హిట్ పాయింట్లు, అంటే అంత దెబ్బ తింటే గాని పడిపోదు. అది నిప్పు ఊదితే 18 పాచికలు వేసి దెబ్బ లెక్కగట్టాలి. సగటున 63. అదే పుస్తకంలో గాబ్లిన్ అనే చిన్న శత్రువుకు ఉన్నవి 7 హిట్ పాయింట్లే. అయినా ఈ ఆటకు శత్రువులను తయారుచేసే వాళ్ళకు నిద్ర పట్టనివ్వనిది గాబ్లిన్ల గుంపు కాదు, ఒంటరి డ్రాగనే.

కారణం వంతులు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో అమెరికాలో తెచ్చిన ఈ ఆటను బల్ల చుట్టూ కూర్చుని ఆడతారు. ఒకరు డంజన్ మాస్టర్. కథ నడపడం, శత్రువులందరినీ ఆడించడం ఆ మనిషి పని. మిగతావాళ్ళు తలా ఒక వీరుడు. ప్రతి రౌండులో ఒక్కొక్కరికి ఒక్కో వంతు. నలుగురు వీరులు నాలుగు ఎత్తులు వేసేలోగా డ్రాగన్‌కు వచ్చేది ఒకే ఒక్క అవకాశం.

దీని వెనకున్న గణితం ఆట కంటే పాతది. బ్రిటిష్ ఇంజినీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1916లో యుద్ధ విమానాల గురించి ఒక పుస్తకం వేశాడు. దూరం నుంచి కాల్చుకునే రెండు దళాల బలాన్ని సంఖ్యతో కాదు, సంఖ్య వర్గంతో కొలవాలని అందులో లెక్క తేల్చాడు. మంది రెట్టింపైతే కొట్టే దెబ్బలు రెట్టింపవుతాయి, ఓర్చుకునే దెబ్బలూ రెట్టింపవుతాయి. ఒకే సంఖ్య రెండు చోట్ల లాభం ఇస్తుంది. అందుకే నలుగురి బలం నాలుగు కాదు, పదహారు. వాళ్ళకు సరిజోడుగా ఒక్క మృగాన్ని నిలబెట్టాలంటే దానికి నాలుగు రెట్ల ఆయువు, నాలుగు రెట్ల దెబ్బ రెండూ ఇవ్వాలి.

ఇచ్చి చూస్తే ఆట పాడవుతుంది. దెబ్బ తగిలే అవకాశం 55 శాతం అనుకుందాం. బలమంతా ఒకే వేటులో కూరితే, 45 శాతం రౌండ్లలో డ్రాగన్ గాలిని కొట్టి ఊరుకుంటుంది. తగిలిందా, ఒక వీరుడు అక్కడికక్కడే పోతాడు. అదే బలాన్ని నాలుగు చిన్న వేట్లుగా పంచితే అన్నీ గురి తప్పే అవకాశం సుమారు 4 శాతానికి దిగుతుంది. సగటు మారలేదు, జూదం తగ్గింది. ఐదో ఎడిషన్ రూపకర్తలు పట్టుకున్న దారి ఇదే. ఎదిగిన డ్రాగన్ లాంటి పెద్ద శత్రువులకు ‘లెజెండరీ యాక్షన్లు’ ఇచ్చారు. ఇవి రౌండుకు మూడు. ఇతరుల వంతు ముగిసిన వెంటనే తోకతో కొట్టవచ్చు, రెక్కలు విదిల్చి పైకి లేవవచ్చు. వీరుడు ఊపిరి పీల్చుకునేలోపే డ్రాగన్ మళ్ళీ కదులుతుంది.

గుంపుల విషయంలోనూ అదే ఎడిషన్ ఒక గుణకం పెట్టింది. శత్రువులు మూడు నుంచి ఆరు దాకా ఉంటే పోరాటం కష్టాన్ని రెండుతో, పదిహేనూ ఆపైన ఉంటే నాలుగుతో హెచ్చించాలి. లాంచెస్టర్ వర్గం కంటే ఇది మెత్తన. ఇరుకు సొరంగంలో పదిహేను మంది ఒకేసారి కత్తి దూయలేరు, ఒక్క అగ్నిగోళంతో సగం గుంపు మాడిపోనూవచ్చు. కాబట్టి మెత్తదనం సబబే.

లెక్క కుదిరినంత మాత్రాన శత్రువు గుర్తుండిపోదు. గైగాక్స్‌కు దొరికిన చవక ప్లాస్టిక్ బొమ్మల సంచినే తీసుకోండి. హాంకాంగ్‌లో తయారైన ఆ వింత జంతువులు ఏ పురాణానికీ చెందవు. వాటిలో ఒకటి 1975 నాటికి ‘రస్ట్ మాన్‌స్టర్’ అయింది. దాని మీసం తగిలితే ఇనుము తుప్పు పట్టి రాలిపోతుంది. అది మనిషిని చంపడానికి రాదు, కత్తినీ కవచాన్నీ తింటుంది. డ్రాగన్‌కు ఎదురు నిలిచిన యోధుడు దీన్ని చూసి పరుగు తీస్తాడు, చేతికర్ర పట్టిన మంత్రగాడు తాపీగా నిలబడతాడు. హిట్ పాయింట్లు పెంచి ఇలాంటి భయం పుట్టించడం ఎవరి తరమూ కాదు.

1977 నాటి ‘మాన్‌స్టర్ మాన్యువల్’లో రాక్షసుడు కూడా ఉన్నాడు: పులితల, చేతిలో పొగాకు పైపు! ఎస్వీ రంగారావు ఘటోత్కచుణ్ణి చూసి పెరిగిన వాళ్ళకు నవ్వొస్తుంది. గైగాక్స్‌కు ఈ ఊహ ఇతిహాసాల నుంచి కాదు, ‘కోల్చాక్’ అనే అమెరికన్ టీవీ సీరియల్ నుంచి వచ్చింది. అభిమంత్రించిన క్రాస్‌బో బాణంతో చావడమూ అక్కడిదే. అయితే ఒక్క విషయంలో వాడు మన మారీచుడికి చుట్టమే. ఎదుటివాళ్ళు నమ్మే రూపంలో వస్తాడు. కత్తి దూయాలా వద్దా అన్న సందేహమే వాడి మొదటి ఆయుధం.

ఇక కోబాల్డ్‌లు అనే చిట్టి శత్రువులు. పాత నియమాల్లో ఒక్కోదానికి నాలుగు హిట్ పాయింట్లు మించవు. 1987 నవంబరు ‘డ్రాగన్’ పత్రికలో సంపాదకుడు రోజర్ మూర్, టక్కర్ అనే డంజన్ మాస్టర్ నడిపిన కోబాల్డ్‌ల గురించి రాశాడు. అవి ఎదురుగా రావు. ఇరుకు దారుల్లో మంటలు పెడతాయి, కన్నాల్లోంచి బాణాలు వేస్తాయి. ఆ సొరంగాల పదో అంతస్తులో మండే పిశాచాలున్నా, ఆటగాళ్ళకు వణుకు మొదటి అంతస్తులోని కోబాల్డ్‌లంటేనే.

2014 నియమాల్లో కోబాల్డ్‌కు 5 హిట్ పాయింట్లు, శత్రువు ఎంత కష్టమో చెప్పే సవాలు స్థాయి 1/8. కానీ దానికి గుంపు నైపుణ్యం ఉంది. తోటి కోబాల్డ్ శత్రువు పక్కనే ఉంటే వేటు తగిలిందో లేదో తేల్చే 20 ముఖాల పాచికను రెండుసార్లు వేసి పెద్ద అంకెను తీసుకుంటుంది. ఆర్మర్ క్లాస్ (వేటు తగలకుండా కాచే రక్షణ అంకె) 15 ఉన్న వీరుడిపై ఒంటరి కోబాల్డ్ వేటు తగిలే అవకాశం 50 శాతం, తోడుంటే 75. ఎండలో మాత్రం దానికి కళ్ళు చెదురుతాయి, ఆ లాభం కొట్టుకుపోయి మళ్ళీ 50కి దిగుతుంది. అందుకే అనుభవమున్న ఆటగాళ్ళు సొరంగంలోకి చొరబడే ముందు వాటిని ఎలాగైనా బయటికి రప్పించాలని చూస్తారు.