ప్రయాణికులు దిగని స్టేషను

న్యూయార్కు నగరమున మేయరు కార్యాలయమైన సిటీ హాలు ముందొక ఉద్యానవనము కలదు. ఆ వనము క్రింద, 1904లో తెరచి 1945లో మూసివేసిన భూగర్భ రైలు స్టేషను ఒకటి నేటికిని నిలిచియున్నది. దాని పేరును సిటీ హాలు స్టేషనే. ఆ నగరపు రైలు మార్గములందు నాలుగు వందలకు మించిన స్టేషనులున్నను, అందమున దీనికి సాటి వచ్చునది లేదని చెప్పుట అతిశయోక్తి కానేరదు. అయినను నలువది ఒక్క సంవత్సరములకే దీనికి కాలము చెల్లినది. దాని సొగసునకు కారణమైన వంపే అది మూతపడుటకును కారణమయ్యెను.

1888 మార్చిలో పెనుమంచు తుపాను న్యూయార్కును ముంచెత్తెను. వీథులలోని గుఱ్ఱపు ట్రాములును, ఇనుప స్తంభములపై నడచు రైళ్లును ఎక్కడివక్కడ నిలిచిపోయెను. రైలు భూమిలోపల నడువవలెనను వాదమునకు ఆ తుపానుతో బలము చేకూరినది. అప్పటికే లండను నగరము 1863లో ఆ దారి చూపియుండెను. పిమ్మట 1896లో బుడాపెస్టు, 1897లో బోస్టను ఆ దారినే నడచెను. న్యూయార్కులో 1900 మార్చి 24న సిటీ హాలు ముంగిట మేయరు వాన్ వైక్ వెండి పారతో తొలి మట్టి తీసెను. పనికి ప్రధాన ఇంజనీరు విలియం బార్‌క్లే పార్సన్స్. మార్గమున అధిక భాగమును ఆయన లోతైన సొరంగముగా తొలిపింపలేదు. వీథినే కందకముగా త్రవ్వించి, లోపల ఉక్కు చట్రమును కాంక్రీటును నిలిపి, పైన మరల వీథిని పరపించెను. మురుగుకాల్వ త్రవ్వి పైన బండలు కప్పునట్టి పద్ధతియే యిది. పరిమాణము మాత్రము వేరు.

స్టేషనుల అలంకరణ హైన్స్, లఫార్జ్ అను వాస్తుశిల్పుల వంతు. తక్కిన స్టేషనులలో ఉక్కు స్తంభములు, చదునైన కప్పు, తెల్లని పింగాణి పలకలు గోచరించును. ఇచ్చట స్తంభమన్నది కానరాదు. పట్టాలు విల్లువలె వంగి సాగుచుండగా, వాని వెంటనే కమాను తరువాత కమానుగా కప్పును వంగి సాగిపోవును. తెలుపు, ఆకుపచ్చ, గోధుమ వన్నెల పలకలు, ఇత్తడి దీపగుచ్ఛములు, ఉద్యానవనము నుండి పగటి వెలుగును క్రిందికి దింపు అద్దాల గవాక్షములు దానికి అలంకారములు. భూమిలోపలికి దిగుటకు జంకు జనులకు ఆ వెలుగు ఎంత ధైర్యము నిచ్చియుండునో ఊహించుకొనవచ్చును.

ఆ కప్పు రఫాయెల్ గస్టావినో తెచ్చిన విద్య. ఆయన స్పెయినులోని వలెన్సియాలో జన్మించి 1881లో అమెరికా చేరెను. సాధారణముగా కమాను కట్టుటకు ముందు క్రింద కొయ్యతో బరువైన సెంట్రింగు నిలుపుదురు. రాళ్లు కుదురుకొన్న పిదప దానిని తీసివేయుదురు. గస్టావినో పనివారికి దానితో అంతగా పనిలేదు. పలుచని మట్టి పలకలను వెల్లకిల పరచి, క్షణములలో గట్టిపడు మలాముతో అంచునకు అంచు అతికింతురు. దానిపై రెండవ పొర, మూడవ పొర సిమెంటుతో, అతుకుపై అతుకు పడకుండునట్లు వేయుదురు. కట్టినంత మేర తానే నిలుచును. దాని ఆసరాతోనే పనివాడు ముందునకు సాగును. చూచుటకు గ్రుడ్డు పెంకువలె పలుచన, మోయుటలో మాత్రము గట్టిది. ఇట్టి కప్పే ఎల్లిస్ దీవిలోని వలసదారుల మందిరమునకు 1918లో వేసిరి. 1980లలో దానిని బాగుచేయునపుడు 28 వేలకు పైబడిన పలకలలో మార్చవలసి వచ్చినవి 17 మాత్రమేయట!

1904 అక్టోబరు 27న ప్రారంభోత్సవము ఈ స్టేషనులోనే జరిగినది. మేయరు మెక్లెల్లన్ వెండి పిడి త్రిప్పి రైలును కదలించి వెంటనే డ్రైవరు చేతికి అప్పగింపవలెనని ఏర్పాటు. ఆయన పిడి వదలలేదు. పెద్దలు పక్కన నిలిచి గాబరాపడుచుండగా 103వ వీథి వరకు తానే నడిపెను! ఆ సాయంకాలము ఏడు గంటలకు జనులను అనుమతింపగా లక్షకు మించిన మంది ఎక్కిరి. టిక్కెట్టు అయిదు సెంట్లు. 1948 వరకు ఆ ధర మారలేదు.

ఇక వంపు సంగతి. రేఖాగణితము చదివిన బాలురు దీనిని సులభముగా గ్రహింపగలరు. ప్లాట్‌ఫారపు అంచు చాపము, దాని ప్రక్క నిలిచిన రైలుపెట్టె జ్యా. జ్యా రెండు కొనలయందే చాపమును తాకును. నడుమ ఎడము మిగులును. తొలినాటి పెట్టెలకు తలుపులు కొనలయందే ఉండుటచే చిక్కు కలుగలేదు. తరువాతి పెట్టెలకు నడుమను తలుపులు పెట్టిరి. అడుగు తప్పినచో ప్రయాణికుడు ఆ సందులో పడును. పైగా ఈ ప్లాట్‌ఫారము అయిదు పెట్టెల రైలుకే చాలినది. రైళ్లు నానాటికి పొడవగుచుండెను. వంపును సవరింపవలెనన్న కమానులను పడగొట్టక తప్పదు. కూతవేటు దూరముననే బ్రుక్లిన్ బ్రిడ్జి స్టేషను ఉన్నది. వేగపు రైళ్లు అచ్చటనే ఆగును. జనులు అచ్చటికే పోయిరి. తుదకు సిటీ హాలు స్టేషనుకు దినమునకు ఆరు వందల మంది మాత్రమే వచ్చుచుండిరి. 1945 డిసెంబరు 31న దానిని మూసివేసిరి. గవాక్షములకు యుద్ధకాలమున విమానదాడుల భయముచే పూసిన తారు అట్లే ఉండిపోయినది.

పడగొట్టకుండుటకు కారణమును ఆ వంపే. దక్షిణమునకు వచ్చిన రైలు ఉత్తరమునకు మరలుటకు ఈ వలయము తప్ప దారి లేదు. ప్రయాణికులకు పనికిరానిది రైలుకు పనికివచ్చినది. 1979లో నగర ప్రభుత్వము దీనిని రక్షిత కట్టడముగా ప్రకటించెను. అప్పుడప్పుడు రవాణా ప్రదర్శనశాలవారు తమ సభ్యులను తీసికొనిపోయి చూపుదురు. తక్కినవారికి ఆరవ నంబరు రైలే గతి. బ్రుక్లిన్ బ్రిడ్జి వద్ద అందరును దిగిపోయిన తరువాత కిటికీ దగ్గర కూర్చుండి యుండిన వారికి, చక్రములు పట్టాలపై కీచుమనుచుండగా, ఆ కమానులు ఒకదాని వెనుక ఒకటి మసక వెలుతురులో కనబడి మరుగగును.