పడవల కట్ట మీద సైకిల్ సవారీ

లారీ హారన్ వినిపించదు. వెనక నుంచి దూసుకొచ్చే ఆటో ఉండదు. ఒకవైపు తాటిచెట్ల వరస, మరోవైపు కదిలీ కదలనట్టుండే ఉప్పునీరు. మహా అయితే ఓ గొర్రెల మందో, చేపల బుట్ట కట్టుకున్న మోపెడో ఎదురవుతుంది. సైకిల్ తొక్కాలని సరదా ఉన్నవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? ఇలాంటి దారి కోసం ఏ యూరప్‌కో వెళ్లక్కర్లేదు. నెల్లూరు నుంచి మైపాడు బీచ్‌కి వెళ్లేటప్పుడు, సముద్రం ఇంకా కనపడకముందే ఓ కాలువ వస్తుంది. అది బకింగ్‌హామ్ కాలువ. దాని కట్టే మనం చెప్పుకుంటున్న దారి.

గ్రావెల్ మనకు కొత్తా?

కార్లు తిరగని మట్టిదారుల్లో, గులకరాళ్ల దారుల్లో దూరాలు తొక్కడాన్ని ఇప్పుడు ప్రపంచమంతా ‘గ్రావెల్ బైకింగ్’ అంటోంది. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే ఊళ్లో 2006లో మొదలైన 200 మైళ్ల పోటీ దీనికి పెద్ద ఊపు తెచ్చింది. 2022లో ఇటలీలో మొదటిసారి ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా జరిగింది. దీనికోసం తయారయ్యే సైకిళ్ల ధరలు చూస్తే మాత్రం గుండె ఆగుతుంది. అంత డబ్బుతో మంచి మోటారు సైకిలే కొనుక్కోవచ్చు!

నిజానికి గ్రావెల్ అనే మాట మన పల్లెలకు ఏనాడో వచ్చేసింది. ‘మా ఊరికి గ్రావెల్ రోడ్డు వేశారు’ అంటే అర్థం కానివాళ్లు ఎవరున్నారు? సైకిల్ సంగతీ అంతే. గ్రావెల్ సైకిళ్లకు సాధారణంగా 35 నుంచి 50 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు వాడతారు. మన తాతలు తొక్కిన 28 అంగుళాల నల్ల సైకిల్ టైరు వెడల్పు అంగుళంన్నర, అంటే దాదాపు 40 మిల్లీమీటర్లు. పాలక్యాన్లు, వడ్ల బస్తాలు మోస్తూ పొలంగట్ల మీద తిరిగింది ఆ టైర్లే. గేర్లు లేకపోవడం ఒక్కటే తేడా. కాలువ కట్ట మీద ఎత్తుపల్లాలు పెద్దగా ఉండవు కాబట్టి వాటి అవసరం కూడా అంతగా పడదు.

తాడు లాగిన దారి

ఈ కట్ట సైకిళ్ల కోసం పుట్టింది కాదు. 1806లో బేసిల్ కాక్రేన్ అనే దొర మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వించిన కాలువ దీనికి మొదలు. అది పులికాట్ దాకా పెరిగింది. 1837లో మద్రాసు ప్రభుత్వం చేతికి వచ్చాక ఉత్తరంగా మన తీరం వెంబడి సాగింది. 1876-78 నాటి మహా కరువులో, మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే రోజుల్లో, మద్రాసు నగరంలో మిగిలిన ముక్కను కూలిపనికి వచ్చిన కరువు జనంతోనే తవ్వించారు. 1878లో అప్పటి గవర్నర్ బకింగ్‌హామ్ డ్యూక్ పేరు పెట్టారు. తవ్వినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

పెద్దగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా కాలువ పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందులో 257 కిలోమీటర్లు ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. ఉప్పు, బియ్యం, శ్రీహరికోట అడవుల వంటచెరకు... మద్రాసు బతుక్కి కావాల్సినవి చాలా ఈ నీళ్ల మీదే వెళ్లాయి. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేకపోతే గెడ వేసేవారు. అదీ కుదరకపోతే పడవకు తాడు కట్టి, మనుషులు కట్ట మీద నడుస్తూ లాగేవారు. మనిషి లాగుతూ నడవాలంటే దారి చదునుగా ఉండాలి. నీటి అంచునే సాగాలి. చెట్లు అడ్డు రాకూడదు. ఇవాళ సైకిల్ చక్రం హాయిగా దొర్లుతోందంటే ఆ తాడు పుణ్యమే!

1899లో మద్రాసు - బెజవాడ రైలు మార్గం పూర్తయ్యాక పడవల సందడి తగ్గడం మొదలైంది. ఆ తర్వాత లారీలొచ్చాయి. 1960, 70ల తుపాన్లకు లాకులు, కట్టలు దెబ్బతిని కాలువ చాలాచోట్ల పూడిపోయింది. అయినా 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఈ పాత కాలువే చాలాచోట్ల అలల నీటిని తనలోకి తీసుకుని, అవతలి ఊళ్లను కొంతవరకు కాపాడింది.

దుగరాజపట్నం దాకా...

మైపాడు నుంచి దక్షిణంగా కోడూరు వైపు సాగితే సర్వి తోటలు, రొయ్యల చెరువులు, మధ్యమధ్యలో మత్స్యకారుల పల్లెలు తగులుతాయి. కట్ట అంతా ఒకే తీరుగా ఉంటుందనుకోవద్దు. ఓ చోట గట్టి ఎర్రమట్టి ఉంటుంది. ఇంకోచోట ఇసుకలో చక్రం కూరుకుపోతుంది. మరోచోట చిల్లచెట్లు దారిని మింగేసి ఉంటాయి. నదులు సముద్రంలో కలిసే చోట కట్ట తెగుతుంది, చుట్టూ తిరిగి వంతెన పట్టుకోవాల్సిందే. 2008 నుంచి ఓడరేవు నడుస్తున్న కృష్ణపట్నం చుట్టుపక్కల లారీలు తప్పవు. ఆ ముక్క వదిలేసి వాకాడు వైపు మళ్లీ మొదలుపెట్టడమే మంచిది.

అక్కడ దుగరాజపట్నం ఉంది. పేరుకి చిన్న పల్లె. చరిత్రలో మాత్రం ‘ఆర్మగాన్’. ఈస్టిండియా కంపెనీ వాళ్లు 1626 ప్రాంతంలో ఇక్కడ వ్యాపార స్థావరం పెట్టి, తుపాకులతో చిన్న కోట కట్టుకున్నారు. వాళ్లకు సాయం చేసిన ఆరుముగ ముదలియార్ పేరే తెల్లవాళ్ల నోట ఆర్మగాన్ అయింది. ఇక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే మరింత మంచి చోటు వెతుక్కుంటూ వెళ్లి, 1639లో పట్టుకున్న ఇసుక దిబ్బే చెన్నపట్నం! ఇక్కడే ఉండిపోయి ఉంటే నెల్లూరోళ్లు మద్రాసుకు వెళ్లే బదులు మద్రాసోళ్లే దుగరాజపట్నానికి వచ్చేవారేమో.

ఇంకా దక్షిణానికి పోతే పులికాట్ సరస్సు వస్తుంది. చలికాలంలో రాజహంసలు దిగేది ఇక్కడే. దొరవారిసత్రం దగ్గర నేలపట్టులో గూడబాతులు గూళ్లు కడతాయి. పక్షుల కేంద్రంలోకి సైకిల్‌తో చొరబడకండి, బయటే ఆపి నడవండి.

కొండలు కావాలంటే...

తీరం చదునే తప్ప మజా లేదనేవాళ్లకు జిల్లాకు పడమటి అంచున వెలికొండలున్నాయి. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఉదయగిరిని గెలవడానికి ఏడాదికి పైగా ముట్టడి వేసి, 1514లో స్వాధీనం చేసుకున్నాడంటే ఆ కొండ ఎంత గట్టిదో అర్థం చేసుకోవచ్చు. అక్కడి నుంచి తెచ్చిన బాలకృష్ణుడి విగ్రహం కోసమే హంపీలో కృష్ణాలయం కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఉదయగిరి చుట్టూ పల్లెదారులు సైకిల్‌కు బాగుంటాయి. కోట పైకి మాత్రం కాలినడకే. పెంచలకోన వైపు అడవి పెనుశిల నరసింహ అభయారణ్యంలో భాగం. అక్కడ అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలి దారులు పట్టకూడదు.

తెగుతున్న కట్ట

అసలు బాధ ఇక్కడే ఉంది. పదేళ్ల పిల్లాడికి సైకిల్ కొనిస్తే తొక్కే చోటేది? కాలువకు సమాంతరంగా పోయే జాతీయ రహదారి మీదకు ఏ తల్లీ పంపదు. ఊళ్ల మధ్య రోడ్లూ బైకుల పాలయ్యాయి. సురక్షితమైన దారి ఏనాడో వేసి ఉంది కానీ, దాన్ని దారిగా చూసేవాళ్లు లేరు. ఒకచోట చెరువు గట్టులో కలిసిపోతోంది, మరోచోట మట్టి తవ్వకాలకు పోతోంది. 2008లో ఈ కాలువను నాలుగో నంబరు జాతీయ జలమార్గంలో చేర్చారు. 2017లో మన జిల్లావాడే అయిన అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ఆ జలమార్గం పనులకు శంకుస్థాపన చేశారు. అది కృష్ణా నది మీది భాగానికి. పూడిక తీసే రోజు ఇక్కడా వస్తే, తీసిన మట్టితో కట్టను ఓ పది అడుగుల వెడల్పున చదును చేయడానికి పెద్ద ఖర్చేం కాదు.

కుదురుతుందా అంటారా? వాషింగ్టన్ చుట్టుపక్కల మేరీలాండ్, వర్జీనియాల్లో ఉండే మన పిల్లల్ని అడగండి. ఆదివారం సైకిళ్లేసుకుని వాళ్లు వెళ్లే చోట్లలో చెసాపీక్ - ఒహాయో కాలువ కట్ట ఒకటి. అక్కడ పడవల్ని కంచరగాడిదలు లాగేవి. పడవలు ఆగిపోయాక, దాని మీదుగా కార్ల రోడ్డు వేద్దామన్నారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ ఒప్పుకోలేదు. 1954 మార్చిలో, పత్రికా సంపాదకుల్ని కూడా రమ్మని పిలిచి, 184 మైళ్ల కట్టను నడిచి చూపించాడు. చివరిదాకా నడిచినవాళ్లు తొమ్మిది మందే. రోడ్డు ఆగింది. 1971లో కట్ట మొత్తం జాతీయ చారిత్రక ఉద్యానవనమైంది.

బయల్దేరేముందు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు. కట్ట మీది బంకమట్టి చక్రాన్ని కదలనివ్వదు. సంక్రాంతి వెళ్లాక, శివరాత్రి లోపు బాగుంటుంది. తెల్లారకముందే బయల్దేరి, ఎండ ముదిరేలోపు పది, పదిహేను కిలోమీటర్లు తొక్కి తిరిగొచ్చేయండి. మధ్యాహ్నమైతే సముద్రపు గాలి ఎదురు తిరుగుతుంది. నీళ్ల సీసాలు, పంక్చర్ కిట్, పంపు మరవొద్దు. చిల్లకంప ముల్లుకు ఖరీదైన టైరూ చవక టైరూ ఒకటే! ఎటు పోవాలో తెలియకపోతే వలలు ఆరేసుకునేవాళ్లను అడగండి. ఏ ముక్క తెగిందో, ఏది బాగుందో వాళ్లకు తెలిసినంతగా ఏ మ్యాపుకూ తెలియదు. పిల్లల్ని తీసుకెళ్తే మాత్రం నీటివైపు మీరుండండి.