చక్రాన్ని ఇరుసుతో కలిపే తాళం

ఎడ్లబండి చక్రం ఇరుసు మీద తిరుగుతుంది; ఇరుసు మాత్రం తిరగదు. చక్రం జారిపోకుండా ఇరుసు కొనన కడచీల అడ్డు ఉంటుంది. రైలుపెట్టె చక్రం సంగతి వేరు. అది ఇరుసుకు గట్టిగా బిగించబడి ఉంటుంది కనుక చక్రమూ ఇరుసూ కలిసే తిరుగుతాయి. ఒకే చక్రం ఒకసారి బండిచక్రం వలె, మరొకసారి రైలుచక్రం వలె పనిచేయవలసి వస్తే ఏమి చేయాలి? నాలుగు చక్రాలకూ ఇంజను శక్తిని అందించగల పికప్ ట్రక్కులలో ఈ సమస్య ఎదురవుతుంది. దానికి పరిష్కారంగా ముందు చక్రాల నాభిలో అమర్చిన సాధనమే లాకింగ్ హబ్.

అవసరం ఎలా కలిగింది?

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం కొరకు లక్షల సంఖ్యలో జీపులు తయారయినవి. బురదలో, ఇసుకలో అవి నాలుగు చక్రాలతోనూ నేలను తన్నుకొని ముందుకు పోయేవి. యుద్ధం ముగిసిన తరువాత వాటిలో అనేకం పౌరుల చేతికి వచ్చి మామూలు రోడ్ల మీద నడవసాగినవి. అక్కడ ముందు చక్రాలకు శక్తి అక్కరలేదు. డ్రైవరు మీటను తిప్పి ఆ శక్తిని ఆపగలడు కూడా. కాని చిక్కు అంతటితో తీరలేదు. ఇంజను ముందు చక్రాలను తిప్పకపోయినా, రోడ్డు వాటిని తిప్పుతూనే ఉంటుంది. చక్రాలు తమతో పాటు ఇరుసులను, డిఫరెన్షియల్ పళ్ళచక్రాలను, ముందు ప్రొపెల్లర్ షాఫ్టును వృథాగా తిప్పుతాయి.

ఈ వృథాశ్రమ ఎంతో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. టైరు వ్యాసం 70 సెంటీమీటర్లు అనుకొంటే దాని చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. వాహనం గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, అనగా నిమిషానికి 1,000 మీటర్లు పోతుంటే చక్రం నిమిషానికి దాదాపు 455 సార్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్ పళ్ళ నిష్పత్తి 4 : 1 అయితే ప్రొపెల్లర్ షాఫ్టు నిమిషానికి 1,800 సార్లకు పైగా తిరగాలి. ఏ పనీ చేయని భాగాలు ఇంత వేగంగా తిరుగుతూ నూనెను చిలుకుతాయి, చప్పుడు చేస్తాయి, అరుగుతాయి. అందుకు కావలసిన శక్తి ఇంధనం నుండే రావాలి.

చక్రాన్ని ఇరుసు నుండి విడదీయగలిగితే ఈ నష్టం ఉండదు. ఈ ఆలోచనతోనే ఆర్థర్ వార్న్ 1948లో అమెరికాలోని సియాటిల్ వద్ద యుద్ధపు జీపుల కొరకు లాకింగ్ హబ్‌ల తయారీ ప్రారంభించాడు. తరువాతి కాలంలో పికప్ ట్రక్కులలో ఇవి విరివిగా వాడుకలోకి వచ్చినవి.

ఎప్పుడూ కలిపి ఉంచితే నేమి?

నాలుగు చక్రాలకూ ఎల్లవేళలా శక్తినిస్తే మేలే కదా అనే సందేహం కలుగవచ్చు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనుక చక్రాల కంటె పెద్ద వృత్తంలో పోతాయి. ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 2.6 మీటర్లు, వెనుక ఇరుసు మధ్యభాగం తిరిగే వృత్తపు వ్యాసార్థం 10 మీటర్లు అనుకొందాము. అప్పుడు పైథాగరస్ సూత్రం ప్రకారం ముందు ఇరుసు వ్యాసార్థం సుమారు 10.33 మీటర్లు అవుతుంది. పూర్తి వృత్తం తిరిగేసరికి ముందు ఇరుసు 2 మీటర్లు ఎక్కువ దూరం పోవాలి. పాత పికప్‌లలో మీట వేయగానే ముందు వెనుక షాఫ్టులు ఒకే వేగంతో తిరిగేటట్లు బిగుసుకొంటాయి. బురదలో అయితే టైర్లు కొద్దిగా జారి ఈ తేడాను సర్దుకొంటాయి. పొడి తారురోడ్డు మీద జారలేవు కనుక షాఫ్టులు మెలిపడతాయి; టైర్లు అరుగుతాయి. కాబట్టి ఈ ఏర్పాటు అవసరమైన చోటనే వాడదగినది.

హబ్ లోపలి నిర్మాణం

ముందు ఇరుసు చివర స్పిండిల్ అనే బోలు గొట్టం ఉంటుంది. ఇది తిరగదు. దాని వెలుపలి భాగాన రెండు బేరింగుల మీద చక్రనాభి తిరుగుతుంది. గొట్టం లోపలి నుండి ఇరుసు షాఫ్టు వచ్చి బయటికి పొడుచుకొని ఉంటుంది. దాని కొన చుట్టూ నిలువు గాళ్ళు కోసి ఉంటాయి. ఈ విధంగా ఒకే కేంద్రం చుట్టూ నాభి బయట, షాఫ్టు లోపల ఉన్నప్పటికీ రెండింటికీ నేరుగా సంబంధం లేదు.

ఆ సంబంధాన్ని కలిగించేది ఒక జారుడు కడియం. హబ్ లోపలి భాగం షాఫ్టు గాళ్ళలో కూర్చుంటుంది. బయటి భాగం చక్రనాభికి బిగించబడి ఉంటుంది. మూత మీది బుడిపెను ‘లాక్’ వైపు తిప్పితే కడియం జరిగి రెండు భాగాల పళ్ళనూ కలుపుతుంది; ‘ఫ్రీ’ వైపు తిప్పితే వెనుకకు వచ్చి విడదీస్తుంది. పళ్ళు ఎదురెదురుగా తగిలి కలవకపోతే స్ప్రింగు ఆ కడియాన్ని నొక్కిపట్టి ఉంచుతుంది. వాహనం కొద్దిగా కదలగానే పళ్ళు సందులలోకి దిగుతాయి.

ఇక్కడ ఒక ముఖ్యవిషయం గమనించాలి. రెండు వైపుల బుడిపెలూ ఒకే స్థితిలో ఉండాలి. ఒకటి ‘లాక్’లోను, రెండవది ‘ఫ్రీ’లోను ఉంటే, డిఫరెన్షియల్ స్వభావం వలన శక్తి అంతా ఏ అడ్డూ లేని షాఫ్టును వట్టిగా తిప్పటానికే పోతుంది. బురదలో దిగబడిన డ్రైవరు మీట వేసినా ముందు చక్రాలు సహాయపడవు. యంత్రం చెడిందని అతడు భ్రమపడవచ్చు; నిజానికి మరచిపోయినది ఒక బుడిపె మాత్రమే.

విప్పే క్రమం

వాగులు దాటే వాహనాల హబ్‌లలోకి నీరు చేరి గ్రీజును పాడుచేస్తుంది. బేరింగులకు కొత్త గ్రీజు పెట్టాలన్నా, బుడిపె బిగుసుకొన్నా హబ్‌ను విప్పాలి. టొయోటా సంస్థ 1979 నుండి 1985 వరకు అమెరికాలో అమ్మిన హైలక్స్ తరగతి పికప్‌ను ఉదాహరణగా తీసుకొనవచ్చు.

మొదట వాహనాన్ని చదునైన నేల మీద నిలిపి వెనుక చక్రాలకు ముందు వెనుకల దిమ్మలు అడ్డుపెట్టాలి. ముందు భాగాన్ని జాకీతో లేపి, బలమైన స్టాండుల మీద నిలపాలి. జాకీని మాత్రమే నమ్మి పని చేయరాదు. బుడిపెను ‘ఫ్రీ’లో ఉంచి మూతకున్న ఆరు చిన్న బోల్టులు తీస్తే మూత ఊడివస్తుంది. షాఫ్టు కొనకు బోల్టు గాని, స్నాప్ రింగు గాని ఉంటుంది, దానిని తొలగించాలి.

తరువాత హబ్‌ను నాభికి పట్టి ఉంచే ఆరు నట్లు. వీటి కింద శంఖువు ఆకారం గల చీలిన వాషర్లు ఉంటాయి. నట్టు బిగించిన కొద్దీ ఈ శంఖువు కొయ్యలో దిగిన మేకు వలె రంధ్రంలో ఇరుక్కుంటుంది. దీనివలన హబ్ రవ్వంత కూడా కదలదు. అయితే నట్టు తీసినా వాషరు రాదు. నట్టును కొన వరకు వదులు చేసి మరను కాపాడుతూ, ఇత్తడి కడ్డీ ఆనించి సుత్తితో తట్టితే ఆ అదురుకు వాషరు వదులుతుంది. ఇత్తడి ఉక్కు కంటె మెత్తనిది కనుక దెబ్బ తగిలినా ఉక్కు భాగం చెడదు. స్క్రూడ్రైవరు దూర్చి పెకలిస్తే గాస్కెట్టు ఆనే నునుపైన తలం గీతలుపడి, అక్కడి నుండే నీరు లోపలికి దారి చేసుకొంటుంది.

బేరింగుల వరకు పోవాలంటే చక్రాన్ని, బ్రేకు కాలిపరును కూడా తీయాలి. కాలిపరును రబ్బరు గొట్టం మీద వేలాడనీయక తీగతో కట్టి ఉంచాలి. తరువాత 54 మిల్లీమీటర్ల నట్లు రెండు, వాటి మధ్య మడత చెవులు గల వాషరు కనిపిస్తాయి. చెవులను నిటారుగా చేసి, తగిన పెద్ద సాకెట్టుతో నట్లు విప్పాలి. ఉలితో కొట్టి తిప్పటం సులభంగా తోచినా మరలు పాడవుతాయి.

తిరిగి బిగించటం

ఈ పనిలో కష్టమంతా లోపలి నట్టు బిగింపులోనే ఉంది. అది వదులుగా ఉంటే చక్రం ఊగుతుంది, బేరింగు దెబ్బతింటుంది. అతిగా బిగిస్తే బేరింగు వేడెక్కి గ్రీజు కరగిపోతుంది. చివరకు చక్రమే పట్టివేయవచ్చు. రెండింటిలో ఏది జరిగినా ప్రమాదం ప్రయాణికులకే.

బేరింగులను శుభ్రంగా కడిగి ఆరబెట్టి, రోలర్ల సందులన్నిటిలోకి గ్రీజు కూరాలి. లోపలి నట్టును మొదట సుమారు 60 న్యూటన్-మీటర్ల బలంతో బిగించాలి. అర మీటరు పొడవు గల పానా కొనకు 12 కిలోల బరువు వేలాడదీస్తే కలిగే మెలిబలం దాదాపు ఇంతే. నాభిని అటూ ఇటూ కొన్నిసార్లు తిప్పితే రోలర్లు తమ స్థానాలలో కుదురుకొంటాయి. అప్పుడు నట్టును చేతితో తిరిగేంత వదులు చేసి, మరల కొద్దికొద్దిగా బిగించాలి.

ఎంతవరకు? పాఠశాల ప్రయోగశాలలో ఉండే స్ప్రింగు త్రాసు వంటిదే ఇక్కడ తీర్పు చెబుతుంది. నాభికి ఉన్న చక్రపు బోల్టుకు త్రాసు తగిలించి లాగితే, ఆయిల్ సీలు ఘర్షణ పోగా 2.8 నుండి 5.6 కిలోల మధ్య నాభి కదలటం ఆరంభించాలి. తరువాత వాషరు, బయటి నట్టు బిగించి కొలతను మరొకసారి చూచి, వాషరు చెవులను రెండు నట్ల మీదికీ మడవాలి. ఎడ్లబండి కడచీల చేసే కాపలా పని ఇక్కడ ఈ మడత చెవులు చేస్తాయి. ఈ అంకెలు ఒక నమూనాకు చెందినవి. మరొక వాహనానికి దాని తయారీదారు ఇచ్చిన కొలతలనే పాటించాలి.

ఆ పైన కొత్త గాస్కెట్టుతో హబ్‌ను ఎక్కించి, శంఖు వాషర్లు, నట్లు, షాఫ్టు కొన బోల్టు లేక రింగు అమర్చాలి. హబ్ యంత్రాంగానికి గ్రీజు పలుచగా పూస్తే చాలు. దట్టంగా నింపితే చలికి గట్టిపడి కడియాన్ని జరగనీయదు. మూతను ‘ఫ్రీ’ స్థితిలోనే పెట్టి, చిన్న బోల్టులను ఎదురెదురు జతలుగా కొద్దికొద్దిగా బిగించాలి.

చివరి పరీక్ష

చక్రం గాలిలో ఉండగానే పరీక్షించాలి. ‘ఫ్రీ’లో చక్రం తేలికగా తిరగాలి. ‘లాక్’లో తిప్పితే లోపలి ఇరుసు కూడా కదలుతున్న బరువు చేతికి తెలియాలి. టైరును పైన కింద పట్టి ఊపితే సడలు ఉండరాదు. కొన్ని కిలోమీటర్లు నడిపిన తరువాత నాభిని తాకి చూడాలి. ఒక వైపు నాభి రెండవ దానికంటె ఎక్కువ వేడిగా ఉంటే ఆ వైపు బిగింపు హెచ్చయిందని అనుమానించి మరల విప్పి చూడాలి.

తరువాతి కాలంలో బుడిపెతో పనిలేకుండా తమంత తామే కలిసే హబ్‌లు, డ్రైవరు దిగకుండానే ముందు ఇరుసును కలిపే ఏర్పాట్లు వచ్చినవి. వాటిలోనూ సూత్రం ఇదే: అవసరమైనప్పుడు కలపటం, అవసరం లేనప్పుడు విడదీయటం. సైకిలు వెనుక చక్రంలోని ఫ్రీవీలును పరిశీలించిన విద్యార్థికి ఈ సూత్రం కొత్త కాదు. తొక్కినప్పుడు చక్రాన్ని పట్టుకొని, తొక్కటం మానగానే వదిలివేసే ఆ చిన్న సాధనాన్ని పాత సైకిలు నుండి విప్పించి తరగతిలో చూపితే, పికప్ ట్రక్కు నాభిలో జరిగే పనికి అదే మంచి ప్రవేశపాఠం అవుతుంది.