వెనక్కీ తిరిగే టర్బైను

"మైటోకాండ్రియా పవర్‌హౌసంటరు గద సార్, మరి అండ్ల టర్బైన్ ఉంటదా?"

నాగర్‌కర్నూల్ జిల్లా పిల్లలకు రావలసిన సందేహమే. దోమలపెంట దగ్గర కొండ కడుపులో శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం ఉంది. 150 మెగావాట్ల యూనిట్లు 6. నీళ్లు దిగితే కరెంటు పుట్టిస్తాయి, కరెంటిస్తే కింది నీటిని మళ్లీ పైకి తోడతాయి.

మైటోకాండ్రియాలోనూ అచ్చం అలాంటిదే ఉంది. తిన్న జొన్నరొట్టె తాలూకు ఎలక్ట్రాన్లు లోపలి పొరలోని ప్రోటీన్ల మీదుగా మెట్టుమెట్టుగా దిగి ఆక్సిజన్‌ను చేరతాయి. మన ఒంట్లో ఖర్చయ్యే ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం పోయేది ఇక్కడే. ఆ దిగుడులో వచ్చే శక్తితో ప్రోటాన్లు పొర అవతలికి చేరి, నిండిన జలాశయంలా ఒత్తిడి పెడతాయి.

తిరిగి రావడానికి వాటికున్న ముఖ్యమైన దారి ఏటీపీ సింథేజ్, అంటే కణం పనులకు వాడుకునే ఇంధనమైన ఏటీపీని తయారుచేసే యంత్రం. మన కణాల్లో దాని చక్రానికి 8 రేకులు. ఒక్కో ప్రోటాను ఒక్కో రేకు మీద ఎక్కి, దాదాపు చుట్టంతా తిరిగి, లోపలివైపు దిగిపోతుంది. చక్రంతో పాటు వంకర ఇరుసు తిరుగుతూ పైనున్న తలలోని 3 గదులను వంతులవారీగా నొక్కుతుంది. ఒకటి ముడిసరుకు పట్టుకుంటుంది, ఇంకొకటి దాన్ని ఏటీపీగా బిగిస్తుంది, మూడోది వదిలేస్తుంది. చుట్టుకు 3 ఏటీపీలు. నాకు అన్నిటికన్నా నచ్చింది శాస్త్రవేత్త పాల్ బోయర్ పట్టుకున్న మెలిక: గదిలో ఏటీపీ తయారవడానికి పెద్దగా శక్తి అక్కర్లేదు, గట్టిగా అతుక్కున్న దాన్ని బయటికి ఊడదీయడానికే కావాలి!

ఆ ఏటీపీని 1929లో కండరంలో గుర్తించినవారిలో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు, హార్వర్డ్‌లో తోటి పరిశోధకుడు ఫిస్కేతో కలిసి. అదే ఏడు జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కొద్దిగా ముందే అచ్చువేశాడు.

అది తయారయ్యే తీరు మీద మాత్రం పెద్ద పోరే నడిచింది. అందరూ శక్తిని మోసుకొచ్చే ఏదో రసాయనం కోసం వెతుకుతుంటే, 1961లో పీటర్ మిచెల్ "రసాయనం కాదు, ప్రోటాన్ల ఒత్తిడే" అన్నాడు. చాలామంది కొట్టిపారేశారు. 1978లో నోబెల్ ఆయనకే వచ్చింది. 1997లో జపాన్ పరిశోధకులు ఇరుసుకు సన్నని పోగు తగిలించి, అది తిరగడం సూక్ష్మదర్శినిలో చూపించారు. అదే ఏడు బోయర్‌కు, ఆ తల నిర్మాణం తేల్చిన వాకర్‌కు నోబెల్.

గుండెపోటులో రక్తం ఆగి ఆక్సిజన్ అందకపోతే? ఒత్తిడి పడిపోతుంది, టర్బైను వెనక్కి తిరుగుతుంది, ఉన్న ఏటీపీని తగలేస్తూ ప్రోటాన్లను తోడుతుంది. అప్పుడు లోపల ఆమ్లత పెరిగేసరికి ఐఎఫ్1 అనే చిన్న ప్రోటీను తలలోకి దూరి, ఇరుసు తిరక్కుండా అడ్డం పడుతుంది.