సిస్టమ్ మార్చాలా, ఒక్క పార్టు మారిస్తే చాలా?

కంప్యూటర్ స్లో అయింది, కొత్తది తీసుకుందామా? డీటీపీ సెంటర్, స్టూడియో, నెట్ సెంటర్ నడిపే ప్రతివాళ్లకూ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్నే ఇది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేశాక ఈ ప్రశ్న మరింత ముదిరింది. సిస్టమ్ కొని ఎన్నేళ్లయిందో లెక్కేసి తీర్పు చెప్పడం సరికాదని నా అభిప్రాయం. పని ఎక్కడ ఆగుతోందో చూసి చెప్పాలి.

చూడటం కష్టమేమీ కాదు. పని బాగా రద్దీగా ఉన్నప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో ప్రాసెసర్, మెమరీ, డిస్క్ ఎంత శాతం వాడుకలో ఉన్నాయో కనిపిస్తుంది. ఏది అదేపనిగా 100 దగ్గర నిలబడుతోందో అదే మీ అడ్డంకి. వేసవిలో మాత్రమే స్లో అవుతోందంటే ముందు క్యాబినెట్ విప్పి దుమ్ము దులిపించండి, ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ మార్పించండి. రాయలసీమ ఎండకు గది వేడెక్కితే, ప్రాసెసర్ కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దానికి కొత్త సిస్టమ్ అక్కర్లేదు.

తిరుపతిలోనో చిత్తూరులోనో పెళ్లి పత్రికలు, కరపత్రాలు చేసే డీటీపీ సెంటర్‌ను తీసుకుందాం. పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు ఇంకా నడుస్తున్న చోట్లు చాలానే ఉన్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. 2004లో అడోబ్ దాని అభివృద్ధి ఆపేసింది. ఆ కాలపు సాఫ్ట్‌వేర్‌కు 2012 నాటి ఐ3 కూడా ఎక్కువే. అయినా సిస్టమ్ ఆన్ కావడానికి అయిదు నిమిషాలు పడుతోందంటే తప్పు దాదాపు ఎప్పుడూ పాత హార్డ్ డిస్క్‌దే. అందులో పళ్లెం తిరగాలి, చదివే ముల్లు సరైన చోటికి చేరాలి. చిన్న చిన్న ఫైళ్లు వేర్వేరు చోట్ల ఉంటే ప్రతిదానికీ ఆ ప్రయాణం తప్పదు. దాని బదులు పెట్టే ఎస్ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు. హెచ్61 వంటి పాత బోర్డు సాటా ఎస్ఎస్‌డీ వేగాన్ని సగానికి తగ్గించినా తేడా మొదటి రోజే తెలుస్తుంది. ఆ కాలపు బోర్డుల్లో చాలావాటికి ఎం.2 స్లాటు ఉండదు కాబట్టి సాటా రకమే కొనాలి.

విండోస్ 11కు ఇంటెల్‌లో సుమారుగా 8వ తరం, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ లేదా ఆ తర్వాతి ప్రాసెసర్, టీపీఎం 2.0 కావాలి. అంతకంటే పాతదాన్ని వెంటనే పారేయాలా? డీటీపీ సిస్టమ్‌ను నెట్‌కు కలపకుండా, వచ్చిన ప్రతి పెన్ డ్రైవ్‌ను వేరే సిస్టమ్‌లో స్కాన్ చేసి వాడుకోవచ్చు. నెట్ సెంటర్ సంగతి వేరు. అక్కడ జనం ఆధార్ నంబర్లు, బ్యాంకు పాస్‌వర్డ్‌లు కొడతారు. విండోస్ 10ను ఇళ్లలో వాడుకునేవాళ్లకు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అదనపు గడువు కూడా 2026 అక్టోబర్ 13 వరకే. నెట్ సెంటర్‌వాళ్లు వేగం కోసం కాకపోయినా భద్రత కోసం మారాలి. ఇంకో మాట. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు విడుదలైన రోజు పేజీ తెరుచుకోకపోతే అది మీ సిస్టమ్ తప్పు కాదు. ఒకేసారి లక్షల మంది ఆ సైట్ తలుపు తడతారు. ప్రాసెసర్ మార్చినా క్యూ ముందుకు కదలదు.

వేగం కోసం నిజంగా కొత్త సిస్టమ్ అవసరమయ్యేది స్టూడియోవాళ్లకు. తిరుమలలో, తిరుచానూరులో జరిగే పెళ్లిళ్ల వీడియోలు ఇప్పుడు 4కెలో తీస్తున్నారు. వాటి ఎడిటింగ్‌కు 32 జీబీ ర్యామ్, గ్రాఫిక్ కార్డు, ఎన్‌విఎంఈ ఎస్ఎస్‌డీ కావాలి. పాత డీడీఆర్3 ర్యామ్ వాడే బోర్డుల్లో చాలావాటి మీద ఇవన్నీ సాధ్యపడవు. ప్రాసెసర్ మార్చాలంటే బోర్డు మార్చాలి, బోర్డు మారిస్తే ర్యామ్ మార్చాలి, కరెంటు అందించే పాత ఎస్ఎంపీఎస్ కొత్త గ్రాఫిక్ కార్డుకు చాలదు. మార్పు ఇలా గొలుసులా సాగిందంటే పాతదానికి అతుకులు వేయడం ఆపి కొత్తది అసెంబుల్ చేయించడమే మేలు. ఒక మినహాయింపు ఉంది. 2017 తర్వాత కొన్న ఏఎండీ ఏఎం4 బోర్డు అయితే, కంపెనీ సైట్‌లో చూసి బయోస్ అప్‌డేట్ చేసుకుని అదే బోర్డులో రైజెన్ 5000 ప్రాసెసర్ పెట్టుకోవచ్చు. ర్యామ్ కూడా అదే పనికొస్తుంది.

ఆ ర్యామే ఇప్పుడు అసలు సమస్య. ప్రపంచంలో మెమరీ చిప్పులు ప్రధానంగా తయారు చేసేవి శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లు పెద్ద మొత్తంలో కొంటుండటంతో అవి ఉత్పత్తిని అటు మళ్లించాయి. 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా ఎగిశాయి. మామూలు జనానికి అమ్మే క్రూషియల్ బ్రాండ్‌ను మూసేస్తున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. రేణిగుంట దగ్గర టీవీలు, శ్రీసిటీలో ఫోన్లు తయారవుతున్నా ఈ చిప్పుల ధర మన చేతిలో లేదు. అందుకే డీడీఆర్4 ర్యామ్ ఉన్నవాళ్లు దాన్ని వదులుకోకండి. ఆ ర్యామ్‌తో నడిచే బోర్డు దొరుకుతుంటే, డీడీఆర్5కు వెళ్లడానికి గట్టి కారణం ఉండాలి.

ధర తక్కువని చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లేవాళ్లు జీఎస్టీ బిల్లు లేకుండా ఏదీ తీసుకోవద్దు. బాక్స్‌లో వచ్చే ప్రాసెసర్‌కు కంపెనీ వారంటీ మామూలుగా మూడేళ్లు ఉంటుంది. బిల్లు లేకపోతే అది దక్కడం కష్టం. పార్టు చెడిపోతే మళ్లీ అంత దూరం తిరగాల్సింది మీరే కాబట్టి, కొద్దిపాటి తేడా అయితే మీ ఊరి షాపులోనే కొనండి.

కొత్తది కొన్నాక పాత హార్డ్ డిస్క్‌ను మాత్రం ఎక్స్‌ఛేంజ్‌లో ఇవ్వకండి. డిలీట్ చేసినా, మామూలుగా ఫార్మాట్ కొట్టినా అందులోని ఆధార్ కాపీలు, పెళ్లి ఫొటోలు తిరిగి బయటికి తీయవచ్చు. అవి మీ దగ్గరికి నమ్మకంతో వచ్చినవాళ్లవి.