హైబ్రిడ్ గోల్ఫు కఱ్ఱ: బరువు, వినియోగము

గొడ్డలి పట్టినవారికి ఒక సంగతి తెలియును. రెండు గొడ్డళ్ళు తూకమున సమానముగా నున్నను, ఒకటి చేతికి ఒదుగును. రెండవది భుజమును లాగును. భేదము బరువు ఎంత అనుటలో లేదు, ఎచట నున్నది అనుటలో నున్నది. గోల్ఫు ఆటలోని హైబ్రిడ్ కఱ్ఱకు ఈ సూత్రమే ఆధారము.

గోలకొండ చెంత నయా ఖిల్లాలో గోల్ఫు మైదానము కలదు. అట్టిచోట పనికి కుదిరిన గ్రామ యువకునికి ఆటపై మక్కువ కలుగవచ్చును. అతడు ఖరీదైన కఱ్ఱలు కొని నష్టపోకుండ సలహా చెప్పుటకు పంచాయతీ సభ్యులకు ఉపకరించునని ఈ విషయమును వివరించుచున్నాము.

ఈ ఆటలో ఒకరు 14 కఱ్ఱలకు మించి వెంట నుంచుకొనరాదు. వానిలో పెద్ద తల, పొడవైన కామ గలవి ‘వుడ్’లు, సన్నని లోహపు తల గలవి ‘ఐరన్’లు. 3వ, 4వ నెంబరు ఐరన్లతో బంతిని పైకి లేపుట సామాన్యునికి కష్టము. ఈ చిక్కును తీర్చుటకు వచ్చినదే హైబ్రిడ్. రెండు జాతుల గుణములు కూర్చిన సంకర జొన్న వలె, దీనికి వుడ్‌ను పోలిన గుండ్రని తల, ఇంచుమించు ఐరన్ పొడవు గల కామ ఉండును. 2000 తరువాతి సంవత్సరములలో ఇది విస్తారముగా వాడుకలోనికి వచ్చినది.

దీని తల సుమారు 230 గ్రాములు. పొడవు సుమారు 40 అంగుళములు. తల బరువులో అధికభాగము అడుగునకు, వెనుకకు చేర్చబడి యుండును. అందుచే బంతి సులువుగా పైకి లేచును. దెబ్బ కొంచెము ప్రక్కకు తగిలినను తల అంతగా మెలితిరుగదు. గుండ్రని అడుగు వలన దట్టమైన గడ్డిలోను చిక్కుకొనక సాగిపోవును. అయితే బంతిని గరిటెతో ఎత్తినట్లు ఎత్తజూడరాదు. ఐరన్ వలెనే కొంచెము క్రిందికి దిగుచున్న దెబ్బ కొట్టవలెను.

కఱ్ఱ మరీ తేలికైనచో చేయి తొందరపడి బంతి దారి తప్పును. మరీ బరువైనచో అలసట కలిగి వేగము తగ్గును. కొనుటకు ముందు పది పండ్రెండుసార్లు విసరి చూడవలెను. చివరి విసురు మొదటి విసురువలె నున్నచో ఆ బరువు తగినదని గ్రహింపవచ్చును. మెరుగును చూచి మోసపోరాదు.

కొరియాలోని జేజు ద్వీపమునకు చెందిన రైతు కుమారుడు యాంగ్ యోంగ్-యున్, 19వ యేట బంతులు ఏరు పనిలో చేరి ఆట నేర్చెను. 2009లో అమెరికాలోని హేజెల్‌టిన్ మైదానమున జరిగిన పి.జి.ఎ. ఛాంపియన్‌షిప్‌లో, చివరి గుంటకు 200 గజములకు పైబడిన దూరమునుండి హైబ్రిడ్‌తో కొట్టి, బంతిని గుంటకు చేరువగా నిలిపి, టైగర్ వుడ్స్‌పై గెలిచెను.

పంచాయతీలు పాఠశాలకు ఆటవస్తువులు కొనునపుడును, కూలీలకు పారలు, గునపములు కొనునపుడును ఈ సూత్రమును మరువరాదని మా మనవి. బలవంతునికి తగిన బరువే అందరికిని తగదు. పట్టి వాడువారి చేత ఒకసారి ఎత్తించి చూచి కొనిన వస్తువు మూల పడదు. వారి చేతులకు మేలు చేయును.